జారో సన్యాసి బీడ్: ఈస్టర్ తగాదాలోంచి వచ్చిన క్రీస్తు శకం

ఇంగ్లండ్ ఈశాన్య తీరంలో, టైన్ నది ఒడ్డున, జారో అనే ఊళ్లో సెయింట్ పాల్ చర్చి ఉంది. లోపల కమాను పైన గోడలో ఒక పాత శాసనం. ఈ గుడిని మే నెల మొదటి రోజుకు తొమ్మిది రోజుల ముందు, ఎగ్‌ఫ్రిత్ రాజు 15వ ఏట, మఠాధిపతి కెయోల్‌ఫ్రిత్ 4వ ఏట అంకితం చేశారని దాని మీద లాటిన్‌లో చెక్కి ఉంది. సంవత్సరం అంకె మాత్రం లేదు. మే 1ని కూడా కలుపుకుని వెనక్కి తొమ్మిది లెక్కపెడితే ఏప్రిల్ 23 వస్తుంది, అది రోమన్ల పద్ధతి. ఆ రాజు ఎప్పుడు గద్దెనెక్కాడో వేరే చోట వెతికి పట్టుకుంటే తప్ప అది 685 అని తేలదు. తూర్పు చాళుక్యుల శాసనాల్లో 'ప్రవర్ధమాన విజయరాజ్య సంవత్సరం' అన్న మాట తగిలిన ప్రతిసారీ మన చరిత్రకారులు పడే తంటా సరిగ్గా ఇదే.

ఆ రాయి చెక్కేనాటికి ఆ మఠంలో పన్నెండేళ్ల కుర్రాడొకడు ఉన్నాడు. పేరు బీడ్. ఏ రాజు గద్దె మీదున్నా మారని ఒకే వరుస అంకెతో చరిత్ర రాసి చూపించింది, ఆ పద్ధతిని యూరప్‌కు అలవాటు చేసింది పెద్దయ్యాక అతనే. సెయింట్ అనగానే మహిమల చిట్టా కోసం వెతుకుతాం. బీడ్ విషయంలో ఆ చిట్టా దాదాపు ఖాళీ, దాని బదులు లెక్కల పద్దు దొరుకుతుంది. ఆ పద్దు ఎందుకు అవసరమైందో, ఎలా నడుస్తుందో తెలిస్తేనే అతని గొప్పతనం అర్థమవుతుంది.

జీవితం చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. 672 లేదా 673లో నార్తంబ్రియా రాజ్యంలో పుట్టాడు. ఏడో ఏట బంధువులు తీసుకెళ్లి వియర్‌మత్ మఠంలో, దాన్ని స్థాపించిన బెనెడిక్ట్ బిస్కప్‌కు అప్పగించారు. తర్వాత దాని జంట మఠమైన జారోకు మారాడు. 19 ఏళ్లకు డీకన్ (చర్చిలో గురువుకు కింది హోదా), 30 ఏళ్లకు గురువు, అంటే ప్రీస్ట్. లిండిస్‌ఫార్న్, యార్క్ లాంటి దగ్గరి ఊళ్లకు తప్ప ఎక్కడికీ వెళ్లలేదు. రోమ్ చూడలేదు. రోమే అతని దగ్గరికి వచ్చింది: బిస్కప్ పలుమార్లు అక్కడికి వెళ్లి మూటల కొద్దీ పుస్తకాలు తెచ్చాడు, గోల్ దేశం నుంచి గాజు పనివాళ్లను రప్పించాడు. ఆ కాలపు ఇంగ్లండ్‌లో అంత గ్రంథాలయం ఇంకొకటి ఉండటం అరుదు. ఎంత దూరం తిరిగినా దొరకని సరుకు బీడ్‌కు కూర్చున్నచోటే దొరికింది.

ఇక తగాదా సంగతి. ఈస్టర్ ఎప్పుడు? వసంత విషువత్తు (పగలూ రాత్రీ సమానమయ్యే రోజు) తర్వాత వచ్చే పున్నమి దాటిన ఆదివారం అని ఒక్క వాక్యంలో చెప్పేయొచ్చు. చిక్కంతా ఆ వాక్యంలోని మూడు మాటల్లోనే ఉంది. విషువత్తు ఏ తేదీ? పున్నమిని ఎవరు నిర్ణయించాలి? పున్నమి ఆదివారమే పడితే ఆ రోజే పండుగా, వచ్చే వారమా? బ్రిటన్‌లోని ఐరిష్ సంప్రదాయం వాళ్లు విషువత్తును మార్చి 25గా పట్టుకున్నారు, 84 ఏళ్ల చక్రం వాడారు, చంద్రుడి వయసు (చాంద్రమాసంలో ఎన్నో రోజు అన్నది) 14 నుంచి 20 లోపు పడే ఆదివారాన్ని ఒప్పుకున్నారు. అలెగ్జాండ్రియా లెక్కను అందుకున్న రోమ్ పక్షానిది మార్చి 21, 19 ఏళ్ల చక్రం, చంద్రుడి వయసు 15 నుంచి 21. ఒక్కో ఏడాది రెండూ కలిసేవి, ఒక్కో ఏడాది వారాల తేడా వచ్చేది.

ఈ తేడా నార్తంబ్రియా రాజుగారి భోజనాల బల్ల దాకా వచ్చింది. ఓస్వియు రాజు ఐరిష్ పద్ధతివాడు, కెంట్ నుంచి వచ్చిన రాణి ఈన్‌ఫ్లెడ్ రోమ్ పద్ధతిది. రాజు ఉపవాసం ముగించి ఈస్టర్ విందు చేసుకుంటుంటే, రాణీ ఆమె పరివారమూ ఇంకా ఉపవాసంలోనే ఉండి, ఈస్టర్‌కు వారం ముందొచ్చే మట్టల ఆదివారం జరుపుకుంటున్నారని బీడ్ రాశాడు. 664లో విట్బీలో, హిల్డ్ నడిపే మఠంలో సభ పెట్టారు. ఐరిష్ వైపు కోల్మన్ మాట్లాడాడు, రోమ్ వైపు విల్‌ఫ్రిడ్. రాజు రోమ్ వైపు తీర్పిచ్చాడు. తీర్పయితే వచ్చింది గానీ, లెక్క ఎందుకు సరైనదో జనానికి విడమరిచి చెప్పే పుస్తకం లేదు. అరవై ఏళ్ల తర్వాత ఆ ఖాళీని నింపిందే బీడ్ 725లో రాసిన కాలగణన గ్రంథం. 703లో రాసిన చిన్న పుస్తకం మరీ క్లుప్తంగా ఉంది, బోధపడటం లేదని తోటి సన్యాసులు అడిగితే, ఇలా పెద్దదిగా రాశాడు.

లెక్క అసలు ఇరుసు ఇదీ: 19 సౌర సంవత్సరాలు దాదాపు 235 చాంద్రమాసాలు. ఏడాదికి 12 చొప్పున వేస్తే 228 వస్తాయి, ఇంకా 7 మిగులుతాయి. ఆ ఏడింటినీ 19 ఏళ్లలో అక్కడక్కడ అదనపు నెలలుగా చొప్పించాలి. పంచాంగం చూసే ఇంట్లో ఇది కొత్త మాట కాదు, అది అధిక మాసమే. 2004లో అధిక శ్రావణం వచ్చింది, మళ్లీ 19 ఏళ్లకు 2023లో అధిక శ్రావణమే వచ్చింది. ఆకాశం ఒకటే, చక్రమూ ఒకటే. తేడా నిర్ణయించే తీరులో ఉంది. మన పంచాంగకర్త సంక్రమణం లేని చాంద్రమాసం ఎక్కడ పడిందో ఏటా గణించి దాన్ని అధికమంటాడు. చర్చి లెక్కగాడు ముందే కట్టిన స్థిరమైన పట్టికను నమ్ముకుంటాడు. అందులో సౌకర్యం ఉంది, ప్రమాదమూ ఉంది.

ఇంకో ముచ్చట. ఇంగ్లిష్ వాళ్లు క్రైస్తవులు కాకముందు వాడిన నెలల పేర్లు ఇవాళ మనకు తెలుస్తున్నాయంటే అది ఎక్కువగా బీడ్ చలవే. 13 నెలలు వచ్చిన ఏడు వాళ్లు ఎండాకాలంలో 'లిథా' అనే నెలను మూడుసార్లు వాడేవారట. ఆవులను రోజుకు మూడుసార్లు పితికే నెలకు 'మూడు పితుకుళ్లు' అనే అర్థం వచ్చే పేరే పెట్టుకున్నారు. 'ఈస్టర్' అనే మాట ఎయోస్ట్రె అనే పాత దేవత పేరు మీద ఉన్న నెల నుంచి వచ్చిందని చెప్పింది కూడా ఇతనే. ఆ దేవత గురించి ఇంకెక్కడా నేరుగా ఆధారం లేదు. ఈమధ్య ఆమె చుట్టూ కుందేళ్లు, గుడ్లు, పూజలు అల్లి తిప్పుతున్న కథలకు బీడ్ రాసిన ఆ ఒకటి రెండు వాక్యాలు ఎంతమాత్రం పూచీ కావు.

లెక్క ఎలా చేస్తారో బీడ్ చనిపోయిన 735నే తీసుకుని చూద్దాం. ముందు 735ను 19తో భాగిస్తే శేషం 13. చాంద్ర సంవత్సరం 354 రోజులు, సౌర సంవత్సరం 365. ఏడాదికి 11 రోజుల తేడా కాబట్టి 13ను 11తో గుణించాలి, 143 వస్తుంది. అందులోంచి ముప్పైలు తీసేస్తే 23 మిగులుతుంది. అంటే ఆ ఏడు మార్చి 22న చంద్రుడి వయసు 23 రోజులు. ముప్పై రోజుల నెల మార్చి 29తో ముగుస్తుంది, 30న కొత్త నెల మొదలు, దాని 14వ రోజు, అంటే లెక్క ప్రకారం పున్నమి, ఏప్రిల్ 12. ఇక వారం తెలియాలి. 735కు దాని నాలుగో వంతు 183 కలిపి, ఇంకో 4 కలిపితే 922. ఏడుతో భాగిస్తే శేషం 5. ఆదివారాన్ని ఒకటిగా లెక్కిస్తే ఐదు గురువారం, అది మార్చి 24 నాటి వారం. అక్కడి నుంచి 19 రోజులు ముందుకెళ్తే ఏప్రిల్ 12 మంగళవారం. ఆ తర్వాతి ఆదివారం ఏప్రిల్ 17. అదే ఈస్టర్. చంద్రుడి వయసు ఆ రోజుకు 19, అంటే 15–21 హద్దులోనే ఉంది.

కాగితం అక్కర్లేదు, కలం అక్కర్లేదు. అవి ఖరీదైన దూడ చర్మం మీద రాసుకునే రోజులు. అందుకే తన గ్రంథంలో మొదటి అధ్యాయాన్ని వేళ్ల లెక్కకే ఇచ్చాడు. ఎడమచేతి చిటికెన వేలు మడిచి అరచేతి నడిమికి తెస్తే ఒకటి. ఉంగరపు వేలూ మడిస్తే రెండు, నడివేలూ మడిస్తే మూడు. చిటికెన వేలు మళ్లీ ఎత్తితే నాలుగు. ఉంగరపు వేలు కూడా ఎత్తితే అయిదు. నడివేలు ఎత్తి ఉంగరపు వేలు ఒక్కటే మడిచి ఉంచితే ఆరు. ఒకట్లు, పదులు ఎడమచేతి మీద, వందలు, వేలు కుడిచేతి మీద, అలా 9,999 దాకా. ఆ పైన చేతిని ఒంటి మీద అక్కడా ఇక్కడా ఆనించి పది లక్షల దాకా చూపొచ్చు. చక్రాలను గుర్తుపెట్టుకోవడానికీ చేయే సాధనం: ఒక చేతికి 14 కణుపులు, 5 గోళ్లు కలిపితే 19, అది చంద్ర చక్రం. రెండు చేతుల కణుపులు 28, అది వారాలు మళ్లీ అదే తేదీలకు వచ్చే సౌర చక్రం. జపం చేసేటప్పుడు కణుపుల మీద బొటనవేలు నడిపే అలవాటున్న చేతికి ఇది అయిదు నిమిషాల్లో పట్టుబడుతుంది. ఈ పాఠంలోనే కొంటెతనం కూడా దూర్చాడు. అక్షరాలకు వరుసగా అంకెలిస్తే నలుగురిలో ఉన్న స్నేహితుడికి గుట్టుగా కబురందించవచ్చంటూ ఉదాహరణ ఇచ్చాడు: 3, 1, 20, 19, 5, 1, 7, 5 అని వేళ్లతో చూపిస్తే లాటిన్‌లో 'జాగ్రత్తగా ఉండు' అని.

19నూ 28నూ గుణిస్తే 532. అంటే 532 ఏళ్లకు ఒకసారి చంద్రుడు, వారం, తేదీ మూడూ కలిసి మొదటి చోటికి వస్తాయి. 525లో రోమ్‌లో డయనీసియస్ ఎక్సిగ్యుయస్ అనే సన్యాసి 95 ఏళ్లకు మాత్రమే ఈస్టర్ పట్టిక కట్టాడు. బీడ్ దాన్ని 532 నుంచి 1063 దాకా పూర్తి చక్రంగా పరిచాడు. మూడు శతాబ్దాలకు పైగా ముందున్న పండుగ తేదీలు ఒక మఠం అలమరాలోకి వచ్చేశాయి. ఇక ఎవరూ ఏటా రోమ్‌కు కబురంపి అడగాల్సిన పని లేదు.

ఇప్పుడు లెక్క ఎక్కడ చెడుతుందో చూడాలి. 11 రోజుల తేడాను 19 సార్లు కూడితే 209 వస్తుంది, ముప్పైలు తీసేస్తే 29 మిగులుతుంది. చక్రం సున్నాకు తిరిగి రావాలంటే 30 కావాలి. ఒక రోజు తక్కువైంది. అందుకని చక్రం చివర 11కు బదులు 12 కలుపుతారు. దీనికి 'చంద్రుడి గెంతు' అని పేరు. ఈ గెంతు మరిచిపోయినవాడి పట్టిక 19 ఏళ్లకు ఒక రోజు చొప్పున జారిపోతుంది. తొమ్మిదో తరగతి కూడికలో జరిగే పొరపాటు లాంటిదే, కాకపోతే దాని పర్యవసానం ఊరంతటి పండుగ తప్పు రోజున రావడం.

ఐరిష్ వాళ్ల 84 ఏళ్ల చక్రం ఎందుకు ఓడిందో కూడా అంకెలే చెబుతాయి. 84 జూలియన్ సంవత్సరాలంటే (ఏడాదికి 365.25 రోజుల చొప్పున) 30,681 రోజులు. ఆ కాలంలో పట్టే 1,039 చాంద్రమాసాలు దాదాపు 30,682.3 రోజులు. ఒక్క చక్రానికే రోజుంపావుకు పైగా తేడా. 19 ఏళ్ల చక్రంలో 6,939.75 రోజులకు 235 మాసాలు 6,939.69 రోజులు, ఒక రోజు తేడా రావడానికి 300 ఏళ్లు దాటుతుంది. 84ను 28 నిశ్శేషంగా భాగిస్తుంది కాబట్టి వారాలు చక్కగా కుదురుతాయి, అదొక్కటే దాని ఆకర్షణ. విట్బీలో గెలుపు అపొస్తలుల పేర్ల మీద వాదించి తెచ్చుకున్నదే అయినా, గెలిచిన పక్షం చేతిలో ఉన్న పనిముట్టు నిజంగానే మెరుగైనది.

అలాగని మెరుగైనదీ మచ్చలేనిది కాదు. పట్టికలో ఇంకా అమావాస్య రోజులుండగానే ఆకాశంలో నెలవంక కనబడుతోందని బీడ్ గమనించాడు. దానికో అధ్యాయమే కేటాయించాడు. ఆ 300 ఏళ్లకు ఒక రోజు జారుడు అప్పటికే మొదలైంది. విషువత్తు మార్చి 25 కాదని నీడ గడియారం చూసి తేల్చుకోవచ్చన్నాడు, సరైన మాటే. కానీ తాను సమర్థించిన మార్చి 21 కూడా అప్పటికి తప్పిపోయింది. జూలియన్ సంవత్సరం అసలుకన్నా 11 నిమిషాలు ఎక్కువ, దాదాపు 128 ఏళ్లకు ఒక రోజు తేడా. బీడ్ నాటికి అసలు విషువత్తు మూడు నాలుగు రోజులు ముందే వచ్చేస్తోంది. పెద్దలు ఖాయం చేసిన తేదీని పూర్తిగా కాదనే ధైర్యం అతను చేయలేదు. చివరికి 1582లో క్యాలెండర్‌లోంచి పది రోజులు ఎగరగొట్టి, చంద్ర పట్టికను మూడు రోజులు సరిచేస్తే గానీ లెక్క దారికి రాలేదు.

పుస్తకాల మీద అంత భక్తి ఉన్న మనిషి సముద్రం దగ్గర మాత్రం కళ్లను నమ్మాడు. చంద్రుడు రోజుకు 47 నిమిషాల 30 సెకన్ల చొప్పున ఆలస్యమవుతాడని, దానితోపాటే పోటూ వెనకబడుతుందని రాశాడు. ఇప్పటి లెక్క దాదాపు 50 నిమిషాలు. 59 రోజుల్లో చంద్రుడు భూమిని 57 సార్లు చుట్టినట్టు కనిపిస్తాడని, పోటు 114 సార్లు వస్తుందని చెప్పాడు. ఇది ఇవాళ లెక్కించినా సరిపోతుంది. అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది. సముద్రమంతా ఒకేసారి పొంగుతుందన్న పాత మాటను పక్కనపెట్టాడు. ఒకే తీరంలో తనకు ఉత్తరాన ఉన్నవాళ్లకు పోటు ముందొస్తుందని, దక్షిణాన ఉన్నవాళ్లకు ఆలస్యంగా వస్తుందని, ప్రతి రేవుకూ దాని సమయం దానిదేనని రాశాడు. ఇది పుస్తకంలో దొరికే సంగతి కాదు. రేవుల్లో తిరిగే మనుషుల్ని అడిగి తెలుసుకుని ఉండాలి.

క్రీస్తు శకాన్ని బీడ్ కనిపెట్టాడని కొందరు రాస్తుంటారు, అది తప్పు. ఆ శకం డయనీసియస్‌ది. క్రైస్తవుల్ని హింసించిన డయోక్లీషియన్ చక్రవర్తి పేరు మీద ఏళ్లు లెక్కించడం ఇష్టం లేక అతను పట్టికలో ఆ వరుస పెట్టాడు. అతని చేతిలో అది ఈస్టర్ పట్టికలో ఒక నిలువు గడి మాత్రమే. బీడ్ దాన్ని గడిలోంచి బయటికి తీసి చరిత్రకు దారంగా వాడాడు. 731లో ముగించిన ఇంగ్లిష్ జాతి మతచరిత్రలో ఆ అవసరం స్పష్టంగా కనిపిస్తుంది: నార్తంబ్రియా, మెర్సియా, కెంట్, వెసెక్స్ అన్నిటికీ వేర్వేరు రాజులు. ఒకడి పదో ఏడు ఇంకొకడి మూడో ఏడు. అందర్నీ ఒకే దారాన గుచ్చాలంటే ఎవరి సొత్తూ కాని అంకె కావాలి. వెనక్కి లెక్కించడమూ చేశాడు, జూలియస్ సీజర్ దండయాత్రను 'ప్రభువు అవతారానికి పూర్వం 60వ ఏడు' అని రాశాడు. ఈ పుస్తకానికి ముడిసరుకు కూడగట్టిన తీరు కూడా చెప్పుకోదగ్గదే. లండన్ గురువు నోథెల్మ్ రోమ్ వెళ్లి పోపుల భాండాగారంలోని ఉత్తరాలను నకలు రాసుకొచ్చి ఇచ్చాడు. ఏ కబురు ఎవరి నోట విన్నాడో బీడ్ ముందుమాటలోనే పేరుపేరునా చెప్పుకున్నాడు.

అంకెలతో ఆడుకున్నందుకు ఒకసారి చెంపదెబ్బా తిన్నాడు. 708లో, బిషప్ విల్‌ఫ్రిడ్ ఎదుట, తాగిన మోటు మనుషులు బీడ్ మతద్రోహి అని పాడుకున్నారని కబురొచ్చింది. కారణం 703 నాటి పుస్తకం. సృష్టి నుంచి క్రీస్తు పుట్టుక వరకు 5,199 ఏళ్లని అందరూ నమ్ముతుంటే, జెరోమ్ హీబ్రూ నుంచి చేసిన అనువాదాన్ని పట్టుకుని బీడ్ 3,952 అన్నాడు. ఎందుకింత కోపమో కూడి చూస్తే తెలుస్తుంది. లోకం 6,000 ఏళ్లు ఉంటుందని చాలామంది అనుకునేవారు. 5,199కి 708 కలిపితే 5,907, అంతానికి ఇంకా వందేళ్లు కూడా లేవు. బీడ్ లెక్కలో అప్పటికి 4,660 మాత్రమే. ప్రళయం ఒక్కసారిగా వెయ్యేళ్లకు పైగా వెనక్కి పోయింది. అతను ఘాటైన ఉత్తరం రాసి, లోకం ఎప్పుడు ముగుస్తుందో లెక్కించడమే మనిషి పని కాదన్నాడు.

మఠంలో జరిగిన పెద్ద పనుల్లో మూడు మహా బైబిళ్ల తయారీ ఒకటి. అందులో పూర్తిగా మిగిలినది కోడెక్స్ అమియాటినస్, వెయ్యికి పైగా చర్మపు పత్రాలు, 34 కిలోల బరువు. 716లో ముసలి కెయోల్‌ఫ్రిత్ దాన్ని పోపుకు కానుకగా తీసుకెళ్తూ దారిలో ఫ్రాన్స్‌లోని లాంగ్ర దగ్గర కన్నుమూశాడు. గ్రంథం ఇటలీ చేరింది. ఎవరో అంకితపు పేరు చెరిపి వేరే పేరు రాయడంతో 19వ శతాబ్దం చివరిదాకా అది ఇటలీదే అనుకున్నారు. ఇప్పుడది ఫ్లోరెన్స్‌లో ఉంది.

735 మే నెలలో బీడ్ ఊపిరాడక మంచాన పడ్డాడు. చివరి రోజుల్లోనూ యోహాను సువార్తను ఇంగ్లిష్‌లోకి చెబుతూ రాయిస్తూనే ఉన్నాడని శిష్యుడు కథ్‌బర్ట్ ఉత్తరం చెబుతుంది. ఇంకో వాక్యం మిగిలిందని రాస్తున్న కుర్రాడు గుర్తుచేశాడు, త్వరగా రాసుకో అన్నాడు. అంతకుముందు తన పెట్టె తెప్పించి అందులోని ఆస్తిని తోటివారికి పంచాడు: కొన్ని మిరియాలు, కొన్ని నార గుడ్డలు, కాస్త సాంబ్రాణి. మిరియం తీగ పుట్టిల్లు మన మలబారు. ఎన్ని చేతులు మారి ఆ గింజలు టైన్ నది దాకా చేరాయో గానీ, ఒక పేద సన్యాసి పంచిపెట్టదగ్గ ఆస్తిగా దాచుకున్నాడంటే వాటి విలువ తెలుస్తుంది.

పోయాక గిరాకీ పెరిగింది. జర్మన్ జాతుల మధ్య తిరుగుతున్న ఇంగ్లిష్ మిషనరీ బోనిఫేస్ బీడ్ పుస్తకాలు పంపమని ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. 764లో, అప్పటికి జారో మఠాధిపతి అయిన ఆ శిష్యుడు కథ్‌బర్ట్, బోనిఫేస్ వారసుడు లల్‌కు జవాబు రాస్తూ, ఈసారి చలికాలం చాలా దారుణంగా ఉంది, లేఖకుల చేతులు కొంకర్లు పోయాయి, అడిగినన్ని నకళ్లు పంపలేకపోయాం అని చెప్పుకున్నాడు. అదే ఉత్తరంలో గాజు పని తెలిసినవాడుంటే పంపమని అడిగాడు. బిస్కప్ రప్పించిన గాజు పనివాళ్ల విద్య వందేళ్లలోపే అక్కడ అడుగంటినట్టుంది. క్రీస్తు శకం ఐరోపాలో పాకింది ఇలాంటి చేతుల మీదుగానే.

అస్థికలకూ స్థిమితం లేదు. 11వ శతాబ్దం మొదట్లో డర్హమ్ చర్చికి చెందిన ఆల్‌ఫ్రెడ్ వెస్టో ఏటా బీడ్ వర్ధంతికి జారో వచ్చి ప్రార్థన చేసుకునేవాడు. ఒక ఏడు ఎవరికీ చెప్పకుండా తెల్లారకముందే వెళ్లిపోయాడు, మళ్లీ ఎన్నడూ రాలేదు. 1104లో డర్హమ్‌లో సెయింట్ కథ్‌బర్ట్ పేటిక తెరిస్తే (ఇతను శిష్యుడు కాదు, పాతకాలపు బిషప్) అందులో నార సంచిలో బీడ్ ఎముకలు బయటపడ్డాయి. 1370 నుంచి అదే చర్చి పడమటి మండపంలో ఉన్నాయి. 16వ శతాబ్దంలో మందిరాన్ని పడగొట్టినా ఎముకలను అక్కడే పూడ్చారు.

1899లో పోప్ 13వ లియో బీడ్‌కు 'డాక్టర్ ఆఫ్ ది చర్చ్' అనే బిరుదునిచ్చాడు, కొన్నిచోట్ల దాన్ని 'సంఘ వైద్యుడు' అన్న అర్థం వచ్చేలా తెలుగు చేస్తారు. అసలు అర్థం సంఘ బోధకుడు. పండుగను మాత్రం మే 27న పెట్టారు, ఎందుకంటే 26న అప్పటికే ఫిలిప్ నేరి పండుగ ఉంది. 1969 సవరణలో దాన్ని 25కు జరిపారు. అసలు అతను పోయింది బుధవారం సాయంత్రం, సంధ్యాప్రార్థనతో క్రీస్తు ఆరోహణ పండుగ మొదలైపోయాక. సాయంత్రంతో రోజు మొదలయ్యే చర్చి లెక్కలో అది మే 26. అర్ధరాత్రితో మొదలయ్యే ఇప్పటి లెక్కలో 25. సూర్యోదయంతో మొదలుపెట్టే మన పంచాంగం ప్రకారం చూసినా 25వ తేదీ, బుధవారమే.